మిరప కళ్ళంలో నాలుగో పాదం

ఒకసారి నా పాటకి వాన ఆగింది. కురిసే వాన ఆగడం కాదు. రావలసిన వాన ఊరి పొలిమేరలోనే నిలబడి, నేను పద్యం పూర్తిచేసి రాగం దించిందాకా ఓపిక పట్టి, అప్పుడొచ్చింది. ఆ రాగం చెవినబడి, రెండు మైళ్ళ అవతల మిరపకాయలు కోస్తున్న నలభైమంది ఆడవాళ్ళు కోసే కాయ కొమ్మకే వదిలేసి, పరాయి రైతు పని పరాయి రైతుకే వదిలేసి, పరుగున నా కళ్ళానికొచ్చారు. ఎర్రగా ఎండబోసిన నా పంటని ఒక్క చినుకు తగలకుండా కుప్పచేసి కప్పిపెట్టారు. శాలువా కప్పిన ప్రతి సభలోనూ నేనీ కథ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ జనం చప్పట్లు కొట్టారు. కొట్టినప్పుడల్లా ఆడవాళ్ళు ఐదేసిమంది చొప్పున పెరుగుతూ వచ్చారు. మొదట్లో పదిహేనుమందే ఉండేవాళ్ళు.

మొన్న మాఘమాసంలో ఆ సంఖ్య ఒక్కసారిగా పడిపోయింది. మా ఆవిడ సామ్రాజ్యం ఇంటికి సున్నాలు వేయించాలని అటక మీద సామాన్లన్నీ దింపించింది. పచ్చడి జాడీల వెనక ఒక బిస్కెట్ల డబ్బా, డబ్బాలో మెంతుల పొట్లం, పొట్లం కింద ఒక క్యాసెట్. దాని మీద నా చేతిరాతే: ‘మాస్టర్ కాపీ. ఎవరూ చెరపరాదు.’ పోయిందనుకుని పాతికేళ్ళు ఊరట చెందిన వస్తువది. మా మనవరాలు చిన్ని దాన్ని చిలకలూరిపేట తీసుకెళ్ళి, పాత క్యాసెట్లలో పాటల్ని ఫోన్లోకి ఎక్కించే కుర్రాడెవరో ఉంటే అతని చేత ఎక్కించుకొచ్చింది. దారిలోనే వినేసినట్టుంది. చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి, “తాతయ్యా, ఇందులో నువ్వు తక్కువ, నాయనమ్మ ఎక్కువ ఉందేంటి?” అంది. వంటింట్లోంచి సామ్రాజ్యం నవ్వింది. ఆ నవ్వు విన్నాక ఇక నిజం రాయక తప్పదని తెలిసిపోయింది. కానీ నిజాన్ని వచ్చీరాగానే వాకిట్లో నిలబెట్టి అడగడం మర్యాద కాదు గదా. దానికీ కాస్త మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాలి. ముందు ఆ రోజుల సంగతి చెబుతాను.

ఆ రోజుల్ని నేను నా బాల్యం అంటాను. మీరు లెక్కవేస్తే అప్పటికి నాకు నలభై దాటాయి, పెద్దమ్మాయి కాలేజీలో ఉంది. అయినా గాయకుడిగా నాకప్పుడే పాలపళ్ళు వస్తున్నాయి. అంతకు ముందు ఇరవై ఏళ్ళూ నా గొంతు పత్తిచేలో కూలీలని కేకేయడానికీ, గేదెల్ని అదిలించడానికీ మాత్రమే పనికొచ్చింది. ఊళ్ళోకి ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. రచ్చబండ పక్కన ఎస్టీడీ బూత్ పెట్టినవాడు కలెక్టరులాగా కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. పత్తిని పురుగు తినేసి, మందు కొట్టి కొట్టి చేతులు నొప్పులు పుట్టి, మేమంతా మిరప వైపు తిరిగిన కాలం అది. ఆ మిరపే నాకు సంగీతం నేర్పింది. ఇది మాత్రం అతిశయోక్తి కాదు, అయినా కావచ్చు, కిందికి పోతే మీకే తెలుస్తుంది.

మిరప ఎండే రోజుల్లో మా ఊరి వాసన వేరు. పొద్దున్నే మంచు తడిసిన కాయలకి ఒక వాసన ఉంటుంది, పచ్చిగా, తియ్యగా, బాలింతరాలి గదిలో వాసనలాగా. తొమ్మిదింటికి ఎండ పడగానే అది మారిపోతుంది. మధ్యాహ్నానికి కళ్ళం మీద గాలి కూడా ఎర్రగా కనబడేది. ఊరికి కొత్తవాళ్ళెవరో చెప్పడానికి మొహం చూడక్కరలేదు, తుమ్మితే చాలు. మా ఊరివాళ్ళు ఒక్కసారి తుమ్మి పనిలోకి వెళ్ళిపోయేవాళ్ళు. పొరుగూరి చుట్టాలు వరసగా ఏడెనిమిది తుమ్ములు తుమ్మి, కళ్ళు తుడుచుకుంటూ మంచినీళ్ళడిగేవాళ్ళు. కొత్తల్లుడు మొదటిసారి ఫాల్గుణంలో వస్తే పిల్లలు అతని తుమ్ములు లెక్కపెట్టేవాళ్ళు. మా బావమరిది అల్లుడిది ఇరవై మూడు, ఇప్పటికీ దాన్ని ఎవరూ దాటలేదు.

మా నాయన కళ్ళంలోనే ఉండేవాడు. డెబ్భై దాటినా ఎండబోసిన కాయల మధ్య కాలిబాట తీసి నడుస్తూ, నాలుగడుగులకోసారి వంగి ఒక కాయ తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు. ఎండిన కాయలో గింజలు గలగలమంటాయి. ఎండనిదానిలో మూగగా ఉంటాయి. వేలితో నొక్కి చూసేవాళ్ళు, విరిచి చూసేవాళ్ళు వేరే ఉన్నారు. మా నాయనది చెవి పరీక్ష. కాసేపు విని, “ఇంకా రెండెండలు పడాల” అనేవాడు. అంతే, రెండు రోజుల దాకా ఆ కాయల జోలికి ఎవరూ వెళ్ళకూడదు. కళ్ళానికి కాపలాగా నన్ను కూర్చోబెట్టాక, పొద్దుపోక నేను చిన్నప్పుడు విన్న నాటకం పద్యాలు ఎత్తుకునేవాణ్ణి. ఒకరోజు పద్యం మొత్తం పాడి, రాగం తీసి, ఆయన వైపు చూశాను. ఆయన చేతిలో కాయ ఊపుతూనే, “ఇంకా రెండెండలు పడాల” అన్నాడు. కాయకా, నాకా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

పన్నెండున్నరకి సామ్రాజ్యం క్యారేజీ తెచ్చేది. ఇప్పుడు పెద్ద పెద్ద హోటళ్ళలో నాకు విందులు పెడుతున్నారు, పెట్టనివ్వండి, వద్దనను. కానీ ఆ క్యారేజీ మూత తీసినప్పుడు వచ్చే ఆవిరిలో నా ప్రాణం ఉండేది. పండుమిరపకాయలు చింతపండుతో రోట్లో నూరి, వెల్లుల్లి వేసి పోపుపెట్టిన పచ్చడి. కంచం మధ్యలో అన్నం గుంట చేసి నెయ్యి పోసేది. పక్కన గోంగూరో, దోసకాయ పప్పో. చుట్టూ నాలుగు పుట్ల మిరపకాయలు ఎండుతుంటే మధ్యలో కూర్చుని మళ్ళీ మిరపకాయ పచ్చడే తినే మనుషులు భూమ్మీద మేమే. మా నాయన ఆఖర్న మజ్జిగన్నంలో ఉల్లిపాయ కొరికే చప్పుడు పక్క కళ్ళానికి వినబడేది. తిన్నాక కొబ్బరి మట్టల పందిరి కింద నులకమంచం మీద వెనక్కి వాలితే, చొక్కా గుండీల సందులోంచి గాలి వచ్చి పొట్ట మీద చెమట ఆరేది. సాయంత్రం ఇంటికెళ్ళగానే మండే చేతులకి మజ్జిగ రాసుకుని, కుంకుడురసంతో తలమీంచి వేణ్ణీళ్ళు పోసుకోవడం. ఆ మొదటి చెంబు నీళ్ళు నెత్తిన పడినప్పుడు నేను తీసిన రాగాలు ఏ మైకుకీ చిక్కలేదు. వాటికి మించి నేనెప్పుడూ పాడలేదు.

మా కళ్ళానికి మూడు చేల అవతల కోటయ్య పొలం. కోటయ్య నాకు వరసకి బాబాయి కొడుకు, పీనాసితనానికి పెట్టింది పేరు. కూలీలు నీళ్ళు తాగినా ఎన్ని గుటకలు వేశారో చూసేవాడు. ఆ ఏడు అతని కాయలు కోస్తున్నది మరియమ్మ ముఠా. మరియమ్మ ఆ ఆడవాళ్ళకి మేస్త్రి, నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. ఆదివారం చర్చిలో పాటలు అందుకునేదీ ఆవిడే. సాళ్ళ వెంట వంగి నడుస్తూ వాళ్ళు కోసుకునేవాళ్ళు, కాస్త ఎత్తు మీదున్న నా కళ్ళంలో కూర్చుని నేను పాడుకునేవాణ్ణి. ఆవిడ ఎదురుపడితే, “ఏందయ్యా పద్యాలాయనా, నిన్న పద్యంలో ఆ నాలుగోది జారింది” అని పోయేది. తప్పు పట్టిందని చిరాకుపడ్డానే గానీ, మూడు చేల అవతల్నించి ఎవరో వరస తప్పకుండా వింటున్నారని నాకు తట్టలేదు.

ఇంతలో పట్నంలో ఒక నాటక సమాజం వాళ్ళకి గొంతున్న మనిషి కావలసి వచ్చింది. ఎవరో నా పేరు చెప్పారు. “ముందు ఒక పద్యం క్యాసెట్లో పాడి పంపండి, విన్నాక చూద్దాం” అని కబురుపెట్టారు. నలభై దాటిన మనిషికి ఇంకో కబురు వస్తుందా? రాదు. ఇదే మొదటిది, ఇదే ఆఖరుది. ఇంట్లో పాడదామంటే గోడ పక్కనే పిండిమర. అందుకని మా అమ్మాయి టేప్ రికార్డర్ సైకిల్ వెనక కట్టుకుని, కొత్త బ్యాటరీలు వేసి, కళ్ళానికి తీసుకెళ్ళాను. కాయలు ఆ రోజే మా నాయన చెవికి పాసయ్యాయి. పొద్దు వాలాక ఎత్తుదామనుకున్నాం. ఏడాది కష్టం మొత్తం నా చుట్టూ ఎర్రగా పరుచుకుని ఉంది. ఎండిన మిరప మీద వాన పడితే ఏమవుతుందో చెప్పక్కరలేదు. రంగుపోయి, మచ్చలుపడి, తాలుగా మారి, ఎవరూ ముట్టుకోరు. ఆకాశం మాత్రం తుడిచిన అద్దంలా ఉంది. మంచం మీద టేప్ రికార్డర్ పెట్టి, గొంతు సవరించుకుని, ఎర్ర మీట నొక్కాను.

ఇక్కడినించి నా మాట నమ్మకండి, క్యాసెట్ మాట నమ్మండి. మొదటి పాదం దివ్యంగా ఉంది. నా గురించి నేనే చెబుతున్నాను గానీ, దివ్యంగానే ఉంది. రెండో పాదం మధ్యలో దూరంగా సామ్రాజ్యం గొంతు. “ఏవండీ, పడమట మబ్బు.” నేను ఆపలేదు. “ఏవండోయ్, మబ్బండీ.” నేను ఇంకాస్త పైకెత్తాను, ఆవిడ గొంతు క్యాసెట్లో పడకుండా. నాకు గుర్తున్నది ఏమిటంటే, చెయ్యి పైకెత్తి ఆగమని సైగచేశాను, కళ్ళు మూసుకున్నాను. మూడో పాదం చివర రాగం తీస్తున్నాను. “ఈయన రాగం పాడుగాను! మావయ్యా, మీరన్నా చెప్పండి!” అని ఆవిడ అరుపు. మా నాయన గొంతు: “ఒరేయ్!” నేను రాగంలోనే ఉన్నాను. అప్పుడు చేటలో ఏదో ఎగరేసిన చప్పుడు, ఆ వెంటనే ఒక పెద్ద దగ్గు. దగ్గు నాది.

చేటనిండా మిరపదుమ్ము, గింజలు. నేను నోరు మొత్తం తెరిచి ఉన్నాను, దాన్నే మా సంగీతంలో శ్రుతిశుద్ధి అంటారు. సామ్రాజ్యం పాతికేళ్ళుగా ఒకటే మాట మీదుంది, గాలి అటు వీచింది అని. “చేట నా చేతిలో ఉంది, గాలి నా చేతిలో ఉందా?” అంటుంది. కళ్ళు కనబడక, ఊపిరాడక నేను మోకాళ్ళ మీద కూలబడ్డాను. నాలుగో పాదం గొంతులోనే ఉండిపోయింది. క్యాసెట్లో చాలాసేపు ఏమీ లేదు. గాలి ఉంది, మా నాయన టార్పాలిన్ పట్టాలు లాగుతున్న చప్పుడు ఉంది. ఆ తర్వాత కాళ్ళ చప్పుడు. ఒక్కరివి కాదు, చాలామందివి. “యాడ? యాడ?” అని ఎవరో. “ఈడున్నాడు, కూచునే ఉన్నాడు” అని ఇంకెవరో. ఆ పైన మరియమ్మ గొంతు, స్పష్టంగా: “సాల్లే, మబ్బు చూడండే, ఎత్తండి ఎత్తండి!”

ఆ అరగంట నేను నీళ్ళ బిందె దగ్గర మొహం కడుక్కుంటూనే ఉన్నాను. పంటని కాపాడింది వాళ్ళు. చీరకొంగులు ముక్కుకి కట్టుకుని, చెక్క పలకలతో కాయల్ని తోసి, గంపలతో మధ్యకి చేర్చి, కుప్ప పోసి, మా నాయన పరిచిన పట్టాలు నాలుగు మూలలా లాగి రాళ్ళు పెట్టారు. మధ్యలో ఒకామె, “ఆ చివర్ది అనండే, సగంలో ఉంటే చెయ్యాడట్లా” అంది. మరియమ్మ అందుకుంది. నా నాలుగో పాదం. నేను దించాలనుకున్న చోట దించింది, నేను జారే చోట జారకుండా. రెండోసారి ముఠా మొత్తం అందుకుంది, గంపలు మోస్తూ, రొప్పుతూ. మాటలు కొన్ని వాళ్ళకి తెలియవు, అయినా వరస తెలుసు. రోజూ విన్నదే గదా. క్యాసెట్లో వాళ్ళ పాట ముగుస్తుండగా పట్టాల మీద మొదటి చినుకులు పడ్డ చప్పుడు వినబడుతుంది, ఆ తర్వాత ఇంకేమీ వినబడదు, అంతా వానే. పట్టా అంచు కింద నా పక్కనే ముడుచుకు కూర్చున్న మా నాయన అన్న మాట క్యాసెట్లో లేదు, నాకు గుర్తుంది. “పద్యం బాగా వచ్చింది రా” అన్నాడు. నేను పొంగిపోయి తల తిప్పాను. “నీది కాదు, ఆళ్ళది” అన్నాడు.

ఒక్క కాయ తడవలేదు. ఈ ముక్క నేను ఏ సభలో చెప్పినా, ఏ దేవుడి ముందు చెప్పినా ఇదే చెబుతాను, ఒక్క కాయ తడవలేదు. ఆ రాత్రి మా ఇంట్లో బూరెలు వండారు. మర్నాడు సామ్రాజ్యం ఒక గంపనిండా వాటిని మరియమ్మ ముఠాకి పట్టుకెళ్ళింది. కోటయ్య మాత్రం నెలరోజులు నాతో మాట్లాడలేదు. అతనికీ కళ్ళం ఉంది గానీ, ఆ రోజు దాని మీద కాయల్లేవు. అందుకనే బతికిపోయాను. క్యాసెట్ నేను పంపలేదు. నా పద్యంలో నాలుగో పాదం ఆడవాళ్ళ గొంతులో ఉంటే సమాజం వాళ్ళేమనుకుంటారు? వారం ఆగి, దగ్గు తగ్గాక, నేనే బస్సెక్కి వెళ్ళి వాళ్ళ ఎదుట నిలబడి పాడాను. నాలుగో పాదం దగ్గర మరియమ్మ దించినట్టే దించాను. “ఇది ఏ గురువుగారి దగ్గర నేర్చుకున్నారండీ?” అని అడిగారు. ఎవరి దగ్గరో చెప్పకుండా గంభీరంగా నవ్వాను. తీసుకున్నారు. ఆ నవ్వుకి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

ఇన్నేళ్ళలో ఎన్నో వేదికలెక్కాను. ఇప్పుడు మిరప కోతకి ఎక్కడెక్కడి నుంచో మనుషులు ఆటోల్లో వస్తున్నారు, చెవుల్లో ఎవరి పాట వాళ్ళు పెట్టుకుని కోస్తున్నారు. కాయలు కోల్డ్ స్టోరేజీకి పోతున్నాయి. వాన కబురు ఫోన్ ముందే చెబుతోంది, సామ్రాజ్యానికి ఆ ఉద్యోగం పోయింది. మంచిదే. పట్టాలు కప్పుతూ నడుములు విరగ్గొట్టుకున్నవాడెవడూ ఆ రోజులు తిరిగి రావాలనడు. ఒక్కటే తేడా చెబుతాను. ఈ మధ్య ఒక సభలో పాడుతూ ఊపిరందక మధ్యలో ఆగిపోయాను. జనమంతా మైకు వైపు చూశారు. ఎవరో లేచి వైరు కదిపారు.

ఇక ఒప్పుకోలు. నలభైమంది కాదు. రెండు మైళ్ళు కాదు, మూడు చేలు. వాన నాకోసం ఆగలేదు, దాని వేళకి అది వచ్చింది. రాగం నేను దించలేదు. ఇవన్నీ వదులుకున్నాక నాకు మిగిలింది ఒకటే, అది మాత్రం ప్రాణం పోయినా వదలనని మా మనవరాలితో చెప్పాను. కోటయ్యలాంటివాడి పని మధ్యలో వదిలేయించి ఆ ఆడవాళ్ళని కళ్ళానికి రప్పించింది నా పాటే. మూడో పాదం చివర నేనెత్తిన రాగానికి నిలబడలేక వచ్చారు. చిన్ని ఫోన్ నా చేతిలో పెట్టింది. “అయితే అడుగు తాతయ్యా. మరియమ్మగారు ఉన్నారుగా.”

మరియమ్మ కూతురు స్కూల్లో టీచరు, ఊరి చివర కొత్త ఇల్లు కట్టుకుంది. మరియమ్మ ఇప్పుడు అక్కడే ఉంటోంది. ఆవిడ మా కళ్ళానికి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. ఆవిడ వాకిట్లో నేను కూర్చోవడం మాత్రం అదే మొదటిసారి. కుర్చీలో కూర్చున్నాక గానీ ఆ సంగతి నాకు తట్టలేదు. ఆవిడకి చూపు తగ్గింది గానీ గొంతు తగ్గలేదు. “ఎవురూ? పద్యాలాయనా? ఇన్నాళ్ళకి దారి తెలిసిందా?” అంది. చిన్ని ఫోన్లో క్యాసెట్ పెట్టింది. మరియమ్మ ఫోన్‌ని చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని, మా నాయన కాయని విన్నట్టు విన్నది. తన గొంతు వచ్చినచోట పెదవులు కదిలాయి. వాన చప్పుడు దాకా విని, ఫోన్ చిన్ని చేతికిచ్చి, చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

నేను అవకాశం వదలలేదు. “విన్నావుగా మరియమ్మా. ఎంతమంది వచ్చారాయేళ?”

“పదకొండుమంది. నాతో పన్నెండు.”

“పన్నెండుమంది! కోటయ్య అరుస్తున్నా వినకుండా, మూడు చేల అవతల నుంచి! చూశావా, నా పాట ఎట్టా లాక్కొచ్చిందో?”

మరియమ్మ నా వైపు కాదు, చిన్ని వైపు తిరిగింది. “మీ తాత పాట మేం రోజూ ఇంటానే ఉన్నాం పాపా. రోజూ పనొదిలేసి వచ్చామా?” తర్వాత నా వైపు తిరిగింది. “మూడోది అయింది, నాలుగోది రాలా. రోజూ వచ్చేది ఆ రోజు రాలా. కాయ చేతిలో పట్టుకుని అందరం అట్టానే నిలబడ్డాం, ఇప్పుడొస్తదేమో ఇప్పుడొస్తదేమో అని. పామేదో కరిచింది పద్యాలాయన్ని, పరిగెత్తండే అని నేనే అరిచా. నువ్వు పాడినందుకు కాదయ్యా, ఆగినందుకొచ్చాం. పోయావనుకునొచ్చాం. వచ్చి చూస్తే దగ్గుతా కూచోనున్నావు. అంత దూరం వచ్చి ఉత్త చేతుల్తో ఏం పోతాంలే అని నీ కాయలెత్తి పోయాం.”